పాత రంపానికి శ్రుతి

తుఫాను మర్నాడు ఊరికి దారి తెరిచేది అదే. కాపు మీదున్న తోటను నేలకు దించేదీ అదే. ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా పవర్ రంపం వెంట ఓ ప్రయాణం...

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఒక్కో విసురు 165 దాకా! తెల్లారాక తలుపు తీసిన ఉద్దానం జనానికి ఎదురుగా తోట ఉండాలి. లేదు. ఆకాశం కనబడింది. తరాలుగా నీడ తప్ప మరోటి ఎరగని పెరళ్లవి. కొబ్బరి మానులు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. పనసలు రెండుగా చీలాయి. కరెంటు స్తంభాలు వాటి కింద ఎక్కడో ఉన్నాయి. రోడ్డయితే ఉందో లేదో కూడా తెలీదు.

అలాంటి రోజున ఊరు ఎదురుచూసేది ముగ్గురి కోసం. మంచినీళ్ల ట్యాంకరు, కరెంటు లైన్‌మేన్, కోత మిషను పట్టుకున్న మనిషి. మొదటి ఇద్దరూ రావాలంటే ముందు మూడోవాడు రావాలి. జాతీయ విపత్తు దళాలు వచ్చినా, పక్క జిల్లాల నుంచి సిబ్బంది దిగినా వాళ్ల చేతుల్లోనూ ఉండేది ఆ మిషనే. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ, విజయనగరం జిల్లాలు చూసింది ఇదే. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇచ్ఛాపురం వైపు ఊళ్లు చూసిందీ ఇదే. అక్టోబరు నెలకు ఈ తీరంతో ఏం పగో!

చెయిన్ సా, పవర్ సా, రంపం మిషను... ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు పిలుస్తారు. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ యాభై అరవై ఏళ్ల నాటి పాత రంపాలను వెతికి కొనుక్కుని, తుప్పు వదిలించి, మళ్లీ మోగించి మురిసిపోయే సరదారాయుళ్లు ఉన్నారు. పసుపు రంగు మెకల్లక్, ఎర్రటి జాన్‌సెరెడ్, జర్మనీ డోల్‌మార్ అంటూ అరల నిండా పేర్చుకుంటారు. మనవైపు పాత రంపానికి అద్దాల బీరువా యోగం లేదు. పనిచేసినన్నాళ్లూ పని. ఆగిపోతే విప్పి బాగుచేయడం. ఇక బాగుపడదంటే దాని పిస్టన్ ఒకదానికి, క్లచ్ మరోదానికి. ఒక విధంగా ఇదీ సేకరణే.

ఇసక నేల... గట్టి మాను

ఇచ్ఛాపురం దగ్గర బాహుదా నది దాటి దక్షిణంగా వస్తుంటే కంచిలి, సోంపేట, కవిటి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... ఇవన్నీ ఉద్దానమే. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో అరిగి ఉద్దానం అయిందంటారు. ఒక పక్క సముద్రం, మరో పక్క దూరంగా మహేంద్రగిరి. మధ్యలో ఇసక కలిసిన నేల. కొబ్బరికీ జీడికీ అదే ఇష్టం. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు బజారు గురించి కొత్తగా చెప్పేదేముంది! మందస మీదుగా వెళ్లేవాళ్లు కోవా రుచి చూడకుండా కదలరు, అది వేరే సంగతి.

చెట్టుకు ఇష్టమైన ఇసకే రంపానికి శత్రువు. నేల మీద పడిన మానుకు ఇసక అంటుకుని ఉంటుంది. తిరుగుతున్న చెయిను ఒక్క క్షణం దానికి తగిలినా చాలు, పళ్ల అంచు పోతుంది. పైగా కొబ్బరి మాను తీరు వేరు. టేకు, మద్ది లాంటి వాటిలో చేవ నడిమధ్యన ఉంటుంది. కొబ్బరికి అది తిరగబడి ఉంటుంది. బయటి వలయం ఇనుములాంటి గట్టి నార, లోపల మెత్తని గుజ్జు. ముదురు చెట్టు బయటి భాగం ఎంతటి పదునునైనా తినేస్తుంది. అందుకే ఉద్దానంలో కోతకెళ్లేవాడి జేబులో గుండ్రటి ఆకురాయి లేకపోతే పని సగంలో ఆగినట్టే.

తిత్లీ తర్వాత రోడ్లు తెరిచేసరికి పని అయిపోలేదు. అసలు పని అప్పుడే మొదలైంది. పడిన కొబ్బరి మానులు లక్షల్లో ఉన్నాయి. వాటిని తోటలోనే వదిలేస్తే కుళ్లుతాయి. కుళ్లిన మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. ఆ పురుగు పెరిగి వెళ్లి కొత్తగా నాటిన మొక్క మొవ్వును తొలిచేస్తుంది. అంటే పాత తోట శవాన్ని తీయకుండా కొత్త తోట వేయడానికి లేదు. తాత నాటిన చెట్టును మనవడు కూలి ఇచ్చి ముక్కలు చేయించుకున్నాడు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు తక్కువ కాదు. తుఫాను మరుసటి ఏడాది నాటిన మొక్క కాయ చూపించే వయసు ఇప్పుడిప్పుడే వచ్చింది.

పురుగు నేర్పిన పదును

పురుగు మాట వచ్చింది కాబట్టి మరో పురుగు కథ. 1946లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే కలప కూలీ కట్టెలు కొడుతూ మొద్దులోని ఓ పిల్లపురుగును చూశాడు. అది మానును నిలువుగా, అడ్డంగా, ఎటు పడితే అటు సునాయాసంగా తొలుస్తోంది. ఎలా? వంపు తిరిగిన రెండు దవడలతో, ఒకటి ఎడమకి ఒకటి కుడికి గీరుతూ. అప్పటిదాకా చెయిన్ రంపానికి చేతి రంపంలా సూటి పళ్లే ఉండేవి. మాటిమాటికీ మొద్దుబారేవి. కాక్స్ ఆ దవడల్ని ఇనుములో పోతపోసినట్టు ఎడమ పన్ను, కుడి పన్ను మార్చి మార్చి అమర్చాడు. 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇవాళ ఉద్దానంలో కొమ్ము పురుగుకు చోటు లేకుండా చేస్తున్న చెయిను కూడా ఆ పురుగు బడిలో చదువుకున్నదే.

మిషను పుట్టుక ఇంకా పాతది. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపం తయారుచేశాడు. పెట్రోలు రంపాన్ని 1927లో డోల్‌మార్ తెచ్చింది. డోల్‌మార్ అంటే దాన్ని పరీక్షించిన కొండ పేరు. 1929లో స్టీల్ కూడా పెట్రోలు రంపం తెచ్చాడు. అప్పటి మిషన్లు మోయడానికి ఇద్దరు కావాలి. ఇంకా వెనక్కెళితే నవ్వాలో భయపడాలో తెలియని సంగతి ఒకటుంది. చెయినుకు పళ్లు పెట్టి కోయాలన్న ఆలోచన మొదట వచ్చింది వైద్యులకి! 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండు డాక్టర్లు ఎముక కోయడానికి చిన్న చెయిను రంపం వాడారు. దాన్ని చేత్తో అటూ ఇటూ లాగేవారు.

రంపం ఒక్క మనిషి చేతికి రావడానికి అడ్డుపడింది బరువు ఒక్కటే కాదు. పాత కార్బొరేటర్‌లో పెట్రోలు చిన్న గిన్నెలో నిలబడి ఉండేది. స్కూటర్‌లో ఉన్నట్టే. మిషను పక్కకు వంచితే ఒలికిపోయి ఇంజను ఆగిపోయేది. గిన్నె బదులు పల్చటి రబ్బరు పొరతో పెట్రోలు లాగే కార్బొరేటర్ వచ్చాక రంపాన్ని ఎటు తిప్పినా, తలకిందులు చేసినా ఆగదు. 1950 నాటికి ఒక్కడే మోసే రంపాలు బజారులోకి వచ్చాయి. 1959లో వచ్చిన స్టీల్ కాంట్రా బరువు 12 కిలోలు. మధ్యలో గేర్లు లేకుండా ఇంజనే నేరుగా చెయినును తిప్పేది. ఆ తరంవాడే 106 సీసీల 070 మోడల్ కూడా. లావుపాటి మానులున్న దేశాల్లో దాని పేరు చెబితే ఇప్పటికీ కళ్లు మెరిసే మెకానిక్‌లు ఉంటారు.

మన వైపు అంతకుముందు ఉన్నది రంపపు గొయ్యి. గోతి మీద దూలాలు పరిచి, దుంగ ఎక్కించి, పైన ఒకడు, కింద ఒకడు పొడవాటి రంపం లాగేవారు. కిందివాడి కళ్లలో రంపం పొట్టు. పైవాడి నడుం పోటు. ఒక దూలం కోయడానికి పొద్దు గడిచేది. ఆ కోతగాళ్ల కొడుకులో మనవళ్లో ఇవాళ మిషను పట్టుకుని ఉంటే అందులో వింతేముంది!

చెవితో కట్టే శ్రుతి

పవర్ రంపంలో ఉన్నది చిన్న 2 స్ట్రోక్ ఇంజను. చేతక్ స్కూటర్, యెజ్డీ మోటార్‌సైకిల్, లూనా విప్పి బిగించిన మెకానిక్‌కి అది చుట్టమే. పెట్రోలు బంకులో 2టీ ఆయిల్ కలిపించుకున్న రోజులు గుర్తున్నాయా? ఇదీ అంతే. పాత మిషన్లకు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్, ఇప్పటి మంచి ఆయిల్ అయితే 20 సరిపోతుంది. ఆ స్కూటర్లు రోడ్డు మీద నుంచి వెళ్లిపోయాక వాటి విద్య మిగిలింది మందు కొట్టే స్ప్రేయర్లలో, గడ్డి కోసే మిషన్లలో, రంపాల్లో.

పాత రంపం బల్ల మీదకొస్తే మొదట స్టార్టు తాడు మెల్లిగా లాగి చూస్తారు. చేతికి ఎదురు తంతే కంప్రెషన్ ఉన్నట్టు. జారిపోతే పిస్టనూ రింగులూ చూసుకోవాల్సిందే. తర్వాత గాలి ఫిల్టరు, ట్యాంకులోని పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గు. ప్లగ్గు సందు అర మిల్లీమీటరు. దాని రంగు జాతకం చెబుతుంది. టీ రంగులో ఉంటే ఆరోగ్యం, నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. ఇంకా పాత మిషను అయితే చక్రం వెనకాల ప్లాటినం పాయింట్లు ఉంటాయి. వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటరుకు అటూ ఇటూ. పాయింట్లకు నూనె మరక అంటినా నిప్పురవ్వ రాదు. సగం పాత రంపాలు చచ్చిపోయాయని మూల పడేసేది ఈ మరక వల్లే.

ఆ తర్వాత కార్బొరేటర్ మీద మూడు స్క్రూలు. ఒకటి తక్కువ వేగానికి, ఒకటి ఎక్కువ వేగానికి, మూడోది ఊరికే నిలబెట్టినప్పటికి. మొదటి రెండిటినీ పూర్తిగా మూసి ఒక చుట్టు తెరుస్తారు. మిగతాదంతా చెవి పని. ఊరికే నడుస్తున్నప్పుడు చెయిను కదలకూడదు. రేజ్ చేయగానే తడబడకుండా అందుకోవాలి. అసలు గమ్మత్తు ఎక్కువ వేగం స్క్రూలో ఉంది. పూర్తిగా రేజ్ ఇచ్చి గాల్లో పట్టుకుంటే రంపం గొంతు కొంచెం బొంగురుగా, బరబరలాడుతూ ఉండాలి. చెయిను మానులోకి దిగగానే ఆ బరబర పోయి గొంతు తేటపడాలి. అప్పుడు శ్రుతి కుదిరినట్టు.

కొత్తవాడు ఇక్కడే పొరపడతాడు. గాల్లోనే ఈల వేసినట్టు తేటగా, గట్టిగా మోగితే ‘భలే పికప్’ అనుకుంటాడు. కానీ 2 స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. ఆ ఈల వింటూ ఒక పూట కోశాడా, పిస్టన్ పట్టేస్తుంది. మంచి మెకానిక్ అందుకే రంపాన్ని ఒక పిసరు బొంగురుగానే వదిలిపెడతాడు. తెచ్చినవాడికి అది నచ్చకపోవచ్చు!

ఇంజను ఎంత బాగున్నా పళ్లు మొద్దయితే వృథా. పన్నును 30 డిగ్రీల వాలులో ఆకురాయితో లోపలి నుంచి బయటికి తోయాలి. ఎడమ పళ్లకు ఎన్ని తోపులో కుడి పళ్లకూ అన్నే. లెక్క తప్పితే కోత వంకరపోతుంది. ప్రతి పన్ను ముందూ చిన్న మొటిమ ఉంటుంది, పన్ను ఎంత లోతు కొరకాలో చెప్పేది. పన్ను కంటే అది 0.65 మిల్లీమీటరు కిందుండాలి. పదును కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలిక. రంపం పలుకులు పలుకులుగా చెక్క రాల్చాలి. పిండిలా పొట్టు రాలుతోందంటే కొయ్యడం మానేసి రుద్దుతోందన్న మాట.

పాతవాటికి లేనిది

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. పాత రంపం ఎంత మోజుగా ఉన్నా దానికి చాలామటుకు చెయిన్ బ్రేకు ఉండదు. బార్ కొస పైభాగం గట్టి చెక్కకు తగిలితే రంపం ఒక్క ఉదుటున మనిషి ముఖం మీదకు లేస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. చెయిను వేగం సెకనుకు 20 మీటర్లకు అటూ ఇటూ మరి. ముంజేతికి తగిలితే చెయినును ఆపేసే బ్రేకు 1970ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. వణుకు చేతులకు ఎక్కకుండా రబ్బరు దిమ్మల మీద పిడి అమర్చడం 1960లలో మొదలైంది. అవి లేని మిషనుతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తుంది. చప్పుడు నూరు డెసిబెల్స్ దాటుతుంది. శ్రుతి కట్టే చెవికి ముందు ముప్పు దానివల్లే.

తుఫానులో పడిన చెట్టు మామూలు చెట్టు కాదు. మరో మాను మీద వంగి, విల్లులా బిగిసి ఉంటుంది. ఎటువైపు లాగుడు ఉందో, ఎటువైపు నొక్కుడు ఉందో చూడకుండా కోస్తే మొద్దు తన్నుతుంది, లేదా రంపం ఇరుక్కుంటుంది. అనుభవం ఉన్నవాడు నొక్కుడు ఉన్న వైపు కొంచెం కోసి, తర్వాత రెండో వైపు నుంచి వస్తాడు. లుంగీ, హవాయి చెప్పులు, తలకు తువ్వాలు... ఇదీ మనవాళ్ల కవచం! మిషనుకు పెట్టిన ఖర్చులో పదో వంతు బూట్లకూ కళ్లద్దాలకూ పెట్టమని ఎవరు చెబుతారు?

పాత మిషన్లకు ఇప్పుడు కొత్త గండం పెట్రోలు బంకు నుంచే వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో మొదలై 2025 నాటికి దేశమంతా పరుచుకుంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇక చెప్పాలా! పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్‌లోని ఆ పల్చటి పొర బిగుసుకుపోతాయి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచి మూల పెట్టిన రంపం తుఫాను రోజున తాడు ఎంత లాగినా లేవదు. వాడకం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ ఎండేదాకా ఇంజను నడిపి ఆపడమే మందు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే చైనా మిషను కొనుక్కోవచ్చు కదా అంటారు. కొంటున్నారు కూడా. అవి ఎంత తొందరగా వస్తాయో అంత తొందరగా మెకానిక్ బల్ల మీదకూ వస్తాయి.

తుఫాను లేని రోజుల్లో ఈ రంపాలకు పని ఎక్కడ? టెక్కలి, శ్రీకాకుళం దాటి విజయనగరం వైపు తిరిగితే దారి పొడవునా సరుగుడు, నీలగిరి తోటలు కనిపిస్తాయి. వాటి కోత, లోడు లారీలు, కలప మిల్లులు... అక్కడి పొట్ట నింపేది ఇదే మిషను. వాల్టా చట్టం 2002లో వచ్చాక చెట్టు కొట్టడానికి అనుమతి కావాలన్న నియమం ఉంది. గొడ్డలి రోజుల్లో చింత మానును పడగొట్టాలంటే రెండు రోజులు పట్టేది. ఊళ్లో ఎవరో ఒకరు వచ్చి అడ్డం పడడానికి అంత వ్యవధి ఉండేది. ఇప్పుడు అడ్డుపడేవాడు చెప్పులేసుకుని బయల్దేరేలోగా మాను నేల మీద ఉంటుంది.

బొబ్బిలి దగ్గర ఆగే రంపం

దారి బొబ్బిలి చేరేసరికి రంపానికి హద్దు వస్తుంది. పట్టణాన్ని ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాని ప్రత్యేకత ఒకే మానులో నుంచి కుండ, దండి అన్నీ తీయడం. ఏకాండి వీణ అంటారు. అందుకు కావలసింది ముదిరిన పనస.

పవర్ రంపం ఒక్కో కోతకు 8, 9 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేసేస్తుంది. మిల్లులోని పట్టీ రంపం తినేది అందులో మూడో వంతే. పది పలకలు కోస్తే ఒక మంచి పలక గాలికి పోయినట్టే. కాబట్టి పడగొట్టి, అడ్డంగా దుంగ చేసేదాకానే చెయిన్ రంపానికి మర్యాద. తర్వాత బాడిస, ఉలి, చేతి ఓపిక. కుండ లోపల ఎంత దళసరి ఉంచాలో వేలితో కొట్టి, పలికే నాదాన్ని విని చూసుకోవాలి.

ఇక్కడికి దగ్గర్లోనే విజయనగరం. 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పింది అక్కడే. చెవి మీద ఇంత నమ్మకం పెట్టుకున్న జిల్లాలో మెకానిక్ కూడా మీటరు లేకుండా స్క్రూ తిప్పుతున్నాడంటే ఆశ్చర్యం అక్కర్లేదు.

వీణ పూర్తయ్యాక చివరి పని మేళం కట్టడం. దండి మీద రెండు వైపులా నల్లటి మైనం గట్లు పోసి, వాటి మీద 24 ఇత్తడి మెట్లు నిలబెడతారు. మైనం మెత్తగా ఉండగానే తీగ మీటుతూ ఒక్కో మెట్టును వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతారు. స్వరం కుదరగానే చెయ్యి తీసేస్తారు. మైనం అక్కడే గట్టిపడుతుంది.